పన్నెండులో ఒకటి

మూడో అంతస్తు, వంటగది బల్ల
ఫిబ్రవరి, రెండో ఆదివారం

మామయ్యా,

నువ్విచ్చిన కెమెరా క్షేమం. నా సంగతే కాస్త అనుమానం.

ఫోన్ చేస్తే నీకు వినపడదు, నాకు అరవడం రాదు. అరిచినా పక్కింటివాళ్ళు మనం ఆస్తి తగాదా పడుతున్నామనుకుంటారు. అందుకే ఉత్తరం.

కెమెరా చేతిలో పెట్టేటప్పుడు నువ్వొక మాట దాచావు. రోలుకి పన్నెండే బొమ్మలని చెప్పావు గానీ, ఆ పన్నెండూ ఎంతకి పడతాయో చెప్పలేదు. ఒక్క నలుపు తెలుపు రోలు ధర నా వారం రోజుల బస్సు ఖర్చు. దాన్ని కడిగేవాళ్ళు మా ఊళ్ళో లేరు, వేరే ఊరి ల్యాబుకి పోస్టులో పంపాలి. వాళ్ళు కడగడానికి తీసుకునేది రోలు ధరకంటే ఎక్కువ. అంతా కలిపి పన్నెండుతో భాగిస్తే ఒక్కో క్లిక్కు మా కాలేజీ క్యాంటీన్లో ఒక భోజనం. "ఇవాళ ఎన్ని భోజనాలు తీశావు?" అని మీ అల్లుడుగారు రోజూ పలకరిస్తున్నారు.

ఆయన వెక్కిరింపుకేం గానీ, భోజనం అన్న మాట చెవిలో పడ్డాక నా వేలు బిగుసుకుపోయింది. కిటికీలో పావురం వాలుతుంది. వెలుగు కొలుస్తాను, ఫోకస్ సరిచేస్తాను, ఇది ఒక భోజనానికి తగిన పావురమేనా అని ఆలోచిస్తాను. ఈలోగా పావురం తన భోజనం వెతుక్కుంటూ వెళ్ళిపోతుంది. ఆరు వారాల్లో నాలుగు తీశాను. ఆ నాలుగూ తీసి ఉండాల్సింది కాదేమో.

నా సంగతి నీకు తెలిసిందే కదా. క్లాసులో చరిత్ర చెప్పేటప్పుడు కూడా "బహుశా" లేకుండా వాక్యం ముగించలేను. పిల్లలు నా వెనక నన్ను "బహుశా మేడమ్" అంటారట.

ఇప్పుడు అసలు విషయం. వచ్చే సెప్టెంబరుకి నాకు నలభై అయిదు నిండుతాయి. అమ్మ ఆసుపత్రికి వెళ్ళిన ఏడాది ఆవిడ వయసు అదే. వెళ్ళే ముందురోజు మేమిద్దరం నీ స్టూడియోకి వచ్చాం, గుర్తుందా? అమ్మ ఆ తిరిగే స్టూలు మీద కూర్చుంది. నేను పక్కన నిలబడ్డాను. నాకప్పుడు పంతొమ్మిది. నువ్వు క్లిక్కుమనిపించావు, "కడిగాక ఇస్తాను" అన్నావు. ఆ తర్వాత అమ్మ ఇంటికి రాలేదు. అడిగే మనసు ఎవరికీ లేకపోయింది, ఇచ్చే మనసు నీకూ లేకపోయి ఉంటుంది.

మా ఇంట్లో అమ్మది ఒకే ఒక్క ఫోటో ఉంది, గ్రూపు ఫోటో. అందులో పెద్దమ్మ భుజం వెనక సగం మొహం. నీ మనవరాలు చిన్నప్పుడు దాన్ని చూసి, "అమ్మమ్మకి ఒకటే కన్నా?" అని అడిగింది. నవ్వాను గానీ ఆ రోజంతా మనసు మనసులో లేదు.

ఆ నెగటివ్ నాకు కావాలి మామయ్యా. ప్రింటు వేయడం నేర్చుకుంటాను. నాకు అమ్మ వయసు వచ్చే రోజున అమ్మ పూర్తి మొహం చూడాలని ఉంది. ఇంకేమీ అడగను.

అత్తయ్యకి నా ముద్దులు. నీకు మోకాళ్ళ నూనె పంపుతున్నాను.

నీ మేనకోడలు


స్టూడియో పైగది
ఫిబ్రవరి నెలాఖరు

అనుమానాల అమ్మడికి,

ఇంటికొచ్చిన పావురాన్ని భోజనం పెట్టకుండా పంపావన్నమాట. మీ అమ్మ ఉంటే చీవాట్లు పెట్టేది.

నూనె అందింది. మీ అత్తయ్య రాస్తోంది, నేను అరుస్తున్నాను. కింద స్టూడియోలో ఇప్పుడు కళ్ళజోళ్ళ కొట్టు పెట్టారు. నా అరుపులకి బేరాలు పోతున్నాయని కొట్టతను నిన్న పైకొచ్చి మర్యాదగా చెప్పి వెళ్ళాడు.

ల్యాబుకి పంపడమేమిటే? ముప్ఫై ఏళ్ళు ఫిలిం కడిగినవాడి మేనకోడలివి. వెలుగు చొరని ట్యాంకు ఒకటి, అందులో ఫిలిం చుట్టే రీలు, డెవలపర్ ఒక సీసా, ఫిక్సర్ ఒక సీసా కొనుక్కో. డెవలపర్ చిక్కగా ఉంటుంది, ప్రతిసారీ కాస్త తీసి బోలెడు నీళ్ళలో కలుపుకోవడమే. ఫిక్సర్ వాడిందే మళ్ళీ పది పన్నెండు రోళ్ళకి వస్తుంది, పారబోయకు. ముందు డెవలపర్ బొమ్మని పైకి తెస్తుంది, ఫిక్సర్ దాన్ని నిలబెడుతుంది. మధ్యలో మామూలు కుళాయి నీళ్ళు చాలు. కడగడం వంటకంటే తేలిక. ఈ వాక్యం మీ అత్తయ్యకి చదివి వినిపించలేదు. ఇంట్లోనే కడుక్కుంటే ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. రోలు ధర మాత్రం నేను తగ్గించలేను, అది నన్నడిగి పెట్టలేదు.

ఖర్చుకి భయపడి చూడటం మానకు. నొక్కడం మానితే మానావు, చూడు.

నెగటివ్ సంగతి చూద్దాం. అటక నిండా డబ్బాలే. అటక పేరెత్తితేనే నా మోకాళ్ళు దండం పెడుతున్నాయి.

మామయ్య


మూడో అంతస్తు, స్నానాలగది గడప మీద
ఏప్రిల్, మూడో శనివారం

మామయ్యా,

రోలు పూర్తయింది. పన్నెండు బొమ్మలకి మూడున్నర నెలలు పట్టింది. పోగొట్టడానికి ముప్పావుగంట పట్టింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టాను. స్నానాలగది కిటికీకి నల్లగుడ్డ కొట్టాను, తలుపు కింద తువ్వాలు దోపాను. అయినా నమ్మకం చాలక నెత్తిన బొంత కప్పుకుని, దాని కింద రీలుకి ఫిలిం ఎక్కించాను. ఫిలిం చుట్టూ ఉండే కాగితం ఒకవైపు చుట్టుకుంటుంది, ఫిలిం ఇంకోవైపు. చెమట కళ్ళలోకి కారుతోంది. బయట కాపలా ఉన్న నీ మనవరాలు రెండు నిమిషాలకోసారి, "అమ్మా, ఉన్నావా?" అంటోంది.

అంతవరకూ బాగానే ఉంది. మందులు పొద్దున్నే కలిపి, ఖాళీ పళ్ళరసం సీసాల్లో పోసి, 1, 2 అని చీటీలు అంటించి పెట్టుకున్నాను. తొందరలో తడబడకూడదని ముందుజాగ్రత్త. ఒకటోది పోశాను. గడియారం చూసుకుంటూ నిమిషానికోసారి తిప్పాను. నీళ్ళు పోశాను. రెండోది పోశాను. మళ్ళీ నీళ్ళు. మూత తీశాను.

ఫిలిం కిటికీ అద్దంలా ఉంది మామయ్యా. ఒక్క గీత లేదు. అవతల ఉన్న బకెట్ స్పష్టంగా కనిపిస్తోంది.

పొద్దున ముందు కలిపింది ఫిక్సర్. అందుకని దానికి ఒకటని రాశాను. అంకె కలిపిన వరసకి వేశాను, పోయాల్సిన వరసకి కాదు. బొమ్మ పైకి రాకముందే దాన్ని నిలబెట్టేశాను. జాగ్రత్త పడకుండా ఉంటే సరిగ్గా పోసేదాన్నేమో.

"ఎంత శుభ్రంగా కడిగావు!" అన్నారు మీ అల్లుడుగారు. సాయంత్రం దాకా ఆయనతో మాట్లాడలేదు.

కానీ ఒక విచిత్రం చెప్పనా. ఆ పన్నెండూ నాకు కనిపిస్తూనే ఉన్నాయి. క్యాంటీన్ ఆవిడ గాజు గ్లాసు తుడిచి వెలుగులో పెట్టి చూసుకోవడం. లైబ్రరీలో పెద్దాయన నిద్రపోతున్నా వేలు మాత్రం పేజీలో గుర్తుగా ఉండటం. ఇస్త్రీ చేసే అతని టేబుల్ మీద చొక్కాల దొంతర, పైచొక్కా చెయ్యి కిందికి వేలాడటం. ఒక్కొక్కదాన్ని అంతసేపు చూశాను మరి. ఫోన్లో నాలుగు వేల ఫోటోలున్నాయి, కళ్ళు మూసుకుంటే ఒక్కటీ రాదు. ఇది ఓదార్పో, నన్ను నేను మోసం చేసుకోవడమో తెలియడం లేదు.

అటక ఎక్కావా? డబ్బాలో అమ్మ దొరికిందా?

నీ మేనకోడలు


స్టూడియో పైగది
ఏప్రిల్ ఆఖరి గురువారం

అమ్మడూ,

ఒక్క రోలుకే ఇంత రాద్ధాంతమా? నేను ఒక పెళ్ళి మొత్తం పోగొట్టాను. ట్యాంకు మూత సరిగ్గా పెట్టలేదు. పెళ్ళికొడుకు తమ్ముళ్ళు నన్ను వీధి చివరిదాకా తరిమారు. ఇప్పటికీ ఆ వీధిలోంచి వెళ్ళను. మీ అత్తయ్య కూరగాయలు అక్కణ్ణించే తెమ్మంటుంది.

ఇకమీదట అంకెలు వద్దు. సీసా మీద పేరు రాయి, పెద్ద అక్షరాలతో. అంకె చూస్తే చెయ్యి దానంతటది పోతుంది. పేరు చూస్తే ఒక్క క్షణం ఆగి చదువుతావు.

నీ బాధ చూసి నా స్టూడియో రహస్యం ఒకటి చెబుతున్నాను. ఎవరికీ చెప్పలేదు. నా దగ్గర ఒకేలాంటివి రెండు కెమెరాలుండేవి. నీ దగ్గరున్నది కుర్రాడు. ఇంకోడు ముసలాడు. ముసలాడికి ఫిలిం తిప్పే చక్రం విరిగింది, షట్టరు మాత్రం నిక్షేపంలా పలికేది. పారేయబుద్ధి కాలేదు. జనం స్టూలు మీద కూర్చోగానే మొహం బిగదీసుకుంటారు కదా? దాని మీద ఫిలిం ఖర్చు పెట్టడం దండగ. అందుకని మొదట ముసలాడితో ఒక ఉత్తుత్తి క్లిక్కు. "అయిపోయింది" అనేవాణ్ణి. హమ్మయ్య అని ఊపిరి వదులుతారు, భుజాలు దిగుతాయి, అప్పుడు మనిషి బయటికొస్తాడు. వెంటనే "ఉండండుండండి, ఇంకొక్కటి" అని కుర్రాడితో అసలుది కొట్టేవాణ్ణి. ఊళ్ళో అందరూ "నువ్వు తీస్తే జీవం ఉంటుందయ్యా" అనేవాళ్ళు. జీవం నాది కాదు, ముసలాడిది.

నువ్వూ అలాగే చెయ్యి. నీ ఫోన్‌ని ముసలాడిగా పెట్టుకో.

అటక ఇంకా ఎక్కలేదు. ఎండలు మండిపోతున్నాయి.

మామయ్య


కాలేజీ స్టాఫ్ రూమ్, కిటికీ పక్క బల్ల
మే, పరీక్షల వారం

మామయ్యా,

రెండో రోలు బొమ్మలతో బయటికి వచ్చింది. సీసాల మీద పేర్లు అరచేయంత రాశాను. పన్నెండులో రెండు బాగున్నాయి, బహుశా మూడు.

ముసలాడి కథ చదివి మొదట పడీపడీ నవ్వాను. మీ అల్లుడికి చదివి వినిపించాను. మర్నాడు బస్సులో నిలబడి ఉండగా నవ్వు ఆగిపోయింది.

ఆ రోజు నేను ఒక్క క్లిక్కే విన్నాను.

క్లిక్కుమంది. అమ్మ "అయిపోయిందా?" అంది. నువ్వు "అయిపోయింది" అన్నావు. అమ్మ స్టూలు మీంచి లేచింది. బస్సు టైమవుతోందని తొందరపడింది. "ఉండు అక్కా, ఇంకొక్కటి" అన్న మాట నాకు గుర్తు లేదు.

నా జ్ఞాపకం మీద నాకు నమ్మకం లేదని నీకు తెలుసు. ఇరవై అయిదేళ్ళయింది. రెండోది ఉండి ఉంటుంది, నేనే మరిచిపోయి ఉంటాను. పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను, పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. ఇవాళ పోస్టు చేయకపోతే ఎప్పటికీ అడగలేను.

రెండోది ఉంది కదూ?

నీ మేనకోడలు


పైగది, అద్దం ముందు పీట
జూన్ మొదట్లో

బంగారూ,

అత్తయ్యని. నీకు నేను ఉత్తరం రాయడం ఇదే మొదలు. అక్షరాలు చూసి నవ్వకు, మార్కులు వెయ్యకు.

ఏమడిగావే మీ మామయ్యని? నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి మనిషి మనిషిలా లేడు. మోకాళ్ళు మోకాళ్ళని ఆరునెలలుగా నా ప్రాణం తీసినవాడు, మొన్న నేను బజారుకెళ్ళి వచ్చేసరికి నిచ్చెన మీదున్నాడు. అటక మీది డబ్బాలన్నీ దించి గదంతా పరిచాడు. నడవడానికి దారి లేదు. తిండి ముందు కూర్చుంటాడు, కెలుకుతాడు, లేస్తాడు. "ఏమైందండీ?" అంటే "దుమ్ము" అంటాడు. దుమ్ముకి కళ్ళు అలా అవుతాయా? నేనేం పిచ్చిదాన్నా?

తిట్టాలనుకుంటే తిట్టెయ్. ఊరుకుంటేనే ఆయన తట్టుకోలేడు. ఈ ఉత్తరం రాసినట్టు ఆయనకి తెలీదు.

అత్తయ్య


స్టూడియో పైగది
జూన్, రెండో మంగళవారం

అమ్మడూ,

ఇది నాలుగుసార్లు రాసి చించాను.

రెండోది లేదు. నీ జ్ఞాపకం సరైనదే. నువ్వు విన్నది ముసలాడినే.

ఆ రోజు సంగతి మొత్తం చెబుతాను, ఆపకుండా చదువు. ఫిలిం సరఫరా ఆగిపోయి మూడు వారాలైంది. ఊళ్ళో ఎవరి దగ్గరా లేదు. నా దగ్గర ఉన్నది ఒక్క రోలు, అది కుర్రాడిలో ఎక్కించి ఉంది. మర్నాడు పొద్దున ఫ్యాక్టరీలో గ్రూపు ఫోటో, నాలుగు వరసల మనుషులు. నలుగురు కళ్ళు మూస్తారు, ముగ్గురు పక్కకి చూస్తారు, పన్నెండూ కావాలి అనుకున్నాను. ఆ ఏడాదికి నాకు దొరికిన పెద్ద పని అదే. చెడితే మళ్ళీ పిలవరు.

అక్క వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. "ఒకటి తియ్యరా, పిల్లతో కలిపి" అంది. అలవాటుగా ముసలాడితో కొట్టాను. అయిపోయింది అన్నాను. అక్క లేచింది. "ఉండు అక్కా" అన్న మాట నాలుక మీదే ఉంది. అన్నానా అంటే, అనలేదు. పన్నెండులో ఒకటి తగ్గుతుంది అనుకున్నాను. ఎలాగూ వారంలో తిరిగొస్తుంది, కొత్త రోళ్ళు వస్తాయి, మొహంలో కాస్త కళ వచ్చాక నాలుగు తీద్దాం అనుకున్నాను. కుర్రాణ్ణి భుజాన తగిలించుకుని, స్టూడియోకి తాళం వేసి, మిమ్మల్ని బస్సెక్కించి అట్నుంచి అటే ఇంటికెళ్ళాను, అప్పటికింకా పైగదికి మారలేదు.

మర్నాడు ఫ్యాక్టరీలో తొమ్మిది బొమ్మలతో పని అయిపోయింది.

మూడు మిగిలాయి అమ్మడూ. సాయంత్రానికి ప్రింట్లు కావాలన్నారు, రోలు పూర్తి కాకపోతే తీసి కడగలేను. మధ్యాహ్నం వచ్చి స్టూడియో తాళం తీసి, ఆ మూడూ ఊరికే కొట్టేశాను. వీధి మీద ఒకటి. గోడ గడియారం మీద ఒకటి. గదిలోకి తిరిగి, ఎదురుగా ఏముంటే దాని మీద ఒకటి. మీ అమ్మకి ఒక్కటి ఇవ్వలేనివాణ్ణి.

నాలుగో రోజున ఆసుపత్రి నుంచి కబురొచ్చింది.

ఇన్నేళ్ళూ నువ్వు అడుగుతావని భయపడ్డాను. నువ్వు కెమెరా కావాలన్నప్పుడు సంతోషంగా ఇచ్చాననుకున్నావు. దాన్ని ఇంట్లోంచి పంపేయాలని ఎప్పటినుంచో చూస్తున్నాను.

ఆ ముక్క దొరికింది. కవర్లో పెట్టాను. మూడు ఫ్రేములు, అందులో మీ అమ్మ లేదు. అయినా నీదే.

మామయ్య


మూడో అంతస్తు
జూన్ ఆఖరు

మామయ్యా,

కవరు అందింది.

ఒక్క ఫ్రేము.

ఇప్పుడేమీ రాయలేను. రాస్తే నీకు తగలాలనే రాస్తాను.


మూడో అంతస్తు, వంటగది బల్ల
ఆగస్టు, మూడో ఆదివారం

మామయ్యా,

రెండు నెలలు మాట్లాడనందుకు క్షమించమని అడగను. నాకు ఆ రెండు నెలలూ కావాల్సి వచ్చాయి.

మొదటి నెలంతా నీతో మనసులో పోట్లాడాను. గెలిచాను కూడా. నీ తరఫున మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు కదా. అత్తయ్య మాత్రం రెండుసార్లు ఫోన్ చేసి, "తిట్టావా? ఇంకా తిట్టలేదా?" అని అడిగింది.

తర్వాత ఒకరోజు నీ మనవరాలు జడ తీసేయించుకుని, మెడదాకా జుట్టు కత్తిరించుకుని వచ్చింది. గుర్తు పట్టలేదు తలుపు దగ్గర. "అమ్మా, ఫోటో తియ్యవా? నీ పెద్ద కెమెరాతో" అంది. కెమెరాలో రెండే మిగిలి ఉన్నాయి. "వెలుగు బాగాలేదు, రేపు తీస్తాలే" అన్నాను. అబద్ధం. వెలుగు బాగానే ఉంది. ఆ రెండూ కాలేజీ పాత మేడ కూల్చేముందు మెట్లకోసం దాచుకున్నాను. అది "సరేలే" అని వెళ్ళిపోయింది. వంటగదిలోకి వచ్చి నిలబడ్డాను. నీ మాటే నా నోట్లోంచి వచ్చింది. అదే లెక్క నేనూ వేశాను.

దీన్ని క్షమించడం అంటారో లేదో నాకు తెలియదు. కోపం పోయిందని చెప్పను. కానీ దాన్ని నీ ఒక్కడి మీదే పెట్టుకోవడం ఇక కుదరడం లేదు.

ఆ మర్నాడు నువ్వు పంపిన ముక్కని ప్రింటు వేశాను. ఈ ఫిలిం పెద్దది కాబట్టి పెద్ద యంత్రమేమీ అక్కర్లేకపోయింది. కాగితం మీద నెగటివ్, దాని మీద గాజుపలక, ఒక్క క్షణం బల్బు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద బొమ్మలు మూడు వచ్చాయి. వీధి. గడియారం, రెండూ పది.

మూడోది నీ స్టూడియో గది. వెనక తెర, ముందు స్టూలు. నువ్వు ఊరికే కొట్టేశానన్నావు. భూతద్దం పెట్టి చూశాను. ఆ స్టూలుకి వెనక చిన్న ఆనుకునే పలక ఉండేది కదా. అది కెమెరాకి ఎదురుగా లేదు, పక్కకి తిరిగి ఉంది. మమ్మల్ని బస్సెక్కించి ఇంటికెళ్ళానన్నావు, మర్నాడు తాళం తీసింది నువ్వేనన్నావు. మధ్యలో దాని మీద ఇంకెవరూ కూర్చోలేదు.

అమ్మ లేచినప్పుడు తిరిగింది మామయ్యా. నాకిప్పుడు గుర్తొస్తోంది. నువ్వు క్లిక్కుమనిపించే వేళకి అమ్మ నీవైపు చూడటం లేదు. నా కాలరు మీద దారప్పోగు ఉందని నావైపు తిరిగి తీస్తోంది. అలా తిరిగే లేచింది. ఆ క్లిక్కు నువ్వు కుర్రాడితో కొట్టి ఉన్నా నాకు దక్కేది అమ్మ చెవీ, ముడీ, సగం చెంపే. బహుశా. నీ మనసు తేలిక చేయడానికి ఈ మాట రాయడం లేదు, స్టూలు చెప్పింది రాస్తున్నాను.

సెప్టెంబరులో నా పుట్టినరోజుకి నేను వస్తున్నాను. ఒక కొత్త రోలు తెస్తాను. ఆ స్టూలూ తెరా ఇంకా పైగదిలో ఉన్నాయిగా, తుడిచి పెట్టు. ముసలాణ్ణి మంచం కిందికి తొయ్యి. ఉత్తుత్తి క్లిక్కులు వద్దు. పన్నెండూ మీ ఇద్దరి మీద.

నీ మేనకోడలు


స్టూడియో పైగది
సెప్టెంబరు, నువ్వు వెళ్ళిన మర్నాడు

అమ్మడూ,

నువ్వు బస్సెక్కాక మీ అత్తయ్య, "ఆ పిల్ల నన్ను నోరు మూసుకుని కూర్చోమని పదకొండుసార్లు చెప్పింది, ఈ ఇంట్లో అంత ధైర్యం ఎవరికీ లేదు" అంది. మెచ్చుకోలో, ఫిర్యాదో తెలీలేదు.

పదకొండు మా మీద ఖర్చుపెట్టావు. ఒక్కోసారి నొక్కేముందు నువ్వు ఆగి చూడటం చూశాను. ముప్ఫై ఏళ్ళు జనాన్ని ఆ స్టూలు మీద కూర్చోబెట్టాను గానీ, నేను కూర్చోవడం ఇదే మొదటిసారి. అంతసేపు ఎవరైనా మనల్ని చూస్తే ఎలా ఉంటుందో నాకు తెలీదు. కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

పన్నెండోది మిగిలినప్పుడు నువ్వు, "ఇక్కడ పావురాలేమైనా ఉన్నాయా మామయ్యా?" అన్నావు. కూర్చో అన్నాను. నువ్వు కూర్చున్నాక కుర్రాడు నా చేతుల్లో ఎంత బరువెక్కాడో నీకు చెప్పలేదు. రెండుసార్లు ఫోకస్ తప్పింది. మీ అత్తయ్య పక్కనుంచి, "తొందరగా తియ్యండి, పిల్ల మెడ పట్టేస్తుంది" అంది. నొక్కాను.

నువ్వు "అయిపోయిందా?" అన్నావు.

ఆ మాట ఆ స్టూలు మీంచి మళ్ళీ వింటాననుకోలేదు. అయిపోయింది అన్నాను. ఈసారి నిజంగానే అయిపోయింది.

ఎలా వచ్చిందో కడిగాక రాయి. సీసాల మీద పేర్లు చదువుకో.

మామయ్య


మూడో అంతస్తు, వంటగది బల్ల
అక్టోబరు, మొదటి శనివారం

మామయ్యా,

చదువుకున్నాను. రెండుసార్లు, పైకి.

పదకొండింటిలో ఏడింట్లో అత్తయ్య నోరు తెరిచే ఉంది. మూడింట్లో నీ కళ్ళు మూసుకుని ఉన్నాయి. ఒకదాంట్లో ఇద్దరూ ఒకరినొకరు కోపంగా చూసుకుంటున్నారు, అది నాకు అన్నిటికంటే నచ్చింది. ఏదీ దండగ కాలేదు.

పన్నెండోది కదిలింది. అత్తయ్య మాటకి నవ్వొచ్చి నేను ఆవిడవైపు తిరిగాను, నువ్వు సరిగ్గా అప్పుడు నొక్కావు. నా చెవి, ముడి, సగం చెంప. స్టూలు నాతోపాటు తిరిగింది.

ప్రింటు ఆరాక దాన్ని తీసుకొచ్చి బల్ల మీద నీ ఖాళీ స్టూలు బొమ్మ పక్కన పెట్టాను. అదే తెర, కాస్త చిరిగింది. అదే స్టూలు, అదే పక్కకి. అమ్మ పూర్తి మొహం నాకు దొరకలేదు, ఇక దొరకదు.

నీ మనవరాలు వచ్చి భుజం మీంచి వంగి చూసింది. "అమ్మా, ఈ రెండోదాంట్లో ఎవరూ లేరేం? నువ్వు ఇంకా కూర్చోలేదా, లేచి వెళ్ళిపోయావా?" అంది.

"అందులోంచి లేచింది అమ్మమ్మ. ఇందులో కూర్చున్నది నేను" అన్నాను.

చెప్పాక గమనించాను, "బహుశా" అనలేదు.

కొత్త రోలు వేశాను. "తలుపు దగ్గర నిలబడు" అన్నాను దానితో. "ఇప్పుడా? వెలుగు లేదన్నావుగా ఆ రోజు" అని దెప్పింది. నిజంగానే ఇవాళ మబ్బు పట్టి ఉంది, వెలుగు అంత బాగాలేదు.

తీశాను.

నీ మేనకోడలు